పందొమ్మిదో పుస్తకం ఆఖరి పేజీ

ఆరేండ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పకుండా దాచుకోనుండా. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీతో చెప్తున్నా. తెలిసినోళ్ళతో చెప్పే ధైర్యముంటే ఎప్పుడో చెప్పేసుందును.

మా అన్నకి ఒకే పిచ్చి. అంతరిక్షంలో తిరిగే ఓడ, దానికొక కెప్టెన్. ఆ కథలు తెలుగులో పుస్తకం వెనక పుస్తకంగా వస్తానే ఉండాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ బళ్ళో చదివింది అరవం, మాలో ఎవరికీ తెలుగక్షరాలు రావు. నేనొక్కదాన్నే, యానాంలో ఉద్యోగం చేసినప్పుడు నేర్చుకున్నా. అందుకని ప్రతి ఆదివారం నేనుండే గోరిమేడు నించి అన్న ఉండే కదిర్కామం పోయి నేను చదవాల, మేట్టుపాళయం ఫ్యాక్టరీలో వారమంతా అరిగిపోయిన మా అన్న వినాల.

అన్నకి ఆ పుస్తకాలంటే ప్రాణం, రాసేవాడంటే మంట. ప్రతి తూరీ కెప్టెన్ సావు అంచుదాకా పోతాడు, చివర్లో ఏదో ఒక మిషను వచ్చి కాపాడేస్తాది. "పిరికినాయాలు! ఒక్క తూరన్నా సావనియ్యడే" అని తిట్టి, మళ్ళా నా పక్క తిరిగి "కొత్తది ఎప్పుడొస్తాది పాపా?" అనేవాడు. నేనూ అంతే, తిట్టుకుంటానే కొనేదాన్ని.

తర్వాత అన్నకి జబ్బు చేసింది. ఇంగ లాభం లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నారు డాక్టర్లు. అన్నకి చెప్పగూడదని అందరం ఒట్టేసుకున్నాం. మా ఇండ్లల్లో అట్లే, పోయేవాడికి తప్ప వీధంతా తెలిసుంటాది.

ఆ వారమే పందొమ్మిదోది వచ్చింది. నేను ముందే చదివేసినా. ఈ తూరి కెప్టెన్ నిజంగానే సస్తాడు. ఓడలో గాలి అందరికీ చాలదని తెలిసి, తనవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి, చెప్పాల్సింది చెప్పి, తలుపు తీసుకుని బయటికి పోతాడు. మిషను రాదు. అబ్బా, ఎంత బాగా రాసినాడు ఆ పిరికినాయాలు!

ఆ ఆదివారం అన్న వదినని అంగడికి పంపించేసినాడు. "పుస్తకం కడపటి భాగం చదువు పాపా. అయినాక నీకొకటి చెప్పాల" అన్నాడు.

ఆఖరి పేజీలో ఉండేది నేను చదవలా. ఇంకో ఓడ వచ్చిందని, కెప్టెన్ బతికినాడని, లేని మాటలు అల్లుకుంటా అక్షరాల మీద వేలు జరిపినా.

అన్న పుస్తకం మీదుండే నా వేలి వంక చూసినాడు.

"నిజంగా అట్లే రాసుండాడా?"

"అట్లేనన్నా."

"చీ! ఈడు మారడు. మూసెయ్."

"ఏందో చెప్తానంటివే?"

"ఏం లేదులే" అని గోడవైపు తిరుక్కున్నాడు. మళ్ళా ఆదివారం దాకా ఉండలేదు.

దాన్ని ప్రేమంటారా? నేనూ చానాకాలం అట్లే చెప్పుకున్నా. కాదు. అన్న తన సావు మాట ఎత్తుతాడేమో, కూర్చుని వినాల్సొస్తాదేమో అని నాకు భయం. తన జబ్బు సంగతి ఆయనకి అంతా తెలుసు, తెలిసే అడిగినాడు, తెలిసే వదినని పంపినాడు. నేను కాపాడింది ఆయన్ని కాదు, నన్ను. థూ, నా బతుకు.

ఇన్నేండ్లు నిలిచిపోయి, పోయిన నెల ఇరవయ్యోది వచ్చింది. కెప్టెన్ బతికే ఉండాడంట! సచ్చింది నకలంట, అసలువాడు ఏదో పెట్టెలో గడ్డకట్టి నిద్రపోతా ఉండాడంట! చదివేవాళ్ళు ఏడ్చినారని జడిసి, రాసేవాడూ అచ్చేసేవాళ్ళూ కెప్టెన్ని వెనక్కి తెచ్చినట్టుండారు. పుస్తకాన్ని చెత్తబుట్టలో పారేసి నోరారా తిట్టబోయినా. ఎవర్ని తిట్టేది? ఆ పని వాళ్ళకంటే ముందు చేసింది నేనే గదా.

ప్రతి తద్దినానికీ వదిన అడుగుతాది, "మీ అన్న ఆ పొద్దు నన్నెందుకు అంగడికి పంపినారు? నీకేమన్నా చెప్పినారా?" అని. "ఏం చెప్పలా వదినా" అంటా. అది నిజమే. ఎందుకు చెప్పలేదో మాత్రం ఇంతవరకూ వదినకి చెప్పలా.

క్షమించమని ఎవర్నీ అడగను. ఆ పేజీ ఒక్కటి ఈ పొద్దు సరిగ్గా చదివేస్తా, అంతే.

కెప్టెన్ సచ్చిపోయినాడన్నా. అందరితో మాట్లాడినాకనే పోయినాడు.