మా బావ రెండంతస్తుల విమానాలు

మా బావ పోయాడు. మొన్న మంగళవారం పొద్దున సూరత్‌లో, అడాజన్‌లోని వాళ్ల ఫ్లాట్‌లో, చాయ్ చల్లారిపోయిందని మా అక్కను విసుక్కుంటూ కూర్చున్నవాడు అలాగే కుర్చీలో వెనక్కి వాలిపోయాడట. ఉధ్నా రైల్వే క్వార్టర్స్ నుంచి నేను వెళ్లేసరికి సొసైటీ వాళ్లంతా చేరి ఆయన గొప్పతనం చెప్పుకుంటున్నారు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. మా బావవి చిన్న కళ్లే. వాటితో ఎదుటివాళ్లలో తప్పులు తప్ప ఇంకేమీ చూసేవాడు కాదు. మరదలిని, ఆ మాత్రం అనే హక్కు నాకుంది.

వరంగల్ దిక్కు నుంచి సూరత్ వచ్చి, పాండేసరాలో ఒక అద్దకాల మిల్లులో కలర్ మాస్టర్‌గా చేశాడు. సేఠ్ ఒక గుడ్డముక్క ఇస్తే అచ్చం అదే రంగు దింపి ఇచ్చే పని. అది తలకెక్కి, మిల్లు బయట కూడా అందరి రంగులూ సరిచూసేవాడు. ఒక దీపావళికి నేను కొత్త చీర కట్టుకుని వెళితే తలుపు తీసి, "ఏం మరదలా, పచ్చచీర అని చెప్పి అంటగట్టిన్రా? గిది పచ్చ గాదు, గాడిద నమిలి ఉమ్మిన గడ్డి రంగు" అన్నాడు. లోపలికి రమ్మనడం ఆ తర్వాత.

మిల్లు లేనప్పుడు విమానాలే ఆయనకు లోకం. నిజం విమానాలు కావు, ప్లాస్టిక్ ముక్కలు పెట్టెలో పెట్టి అమ్మే కిట్లు. ముంబయి వెళ్లేవాళ్లు ఎవరు కనిపించినా ఒకటి తెమ్మని వెంటపడేవాడు. అందులోనూ పాతకాలపువి, కింద ఒక రెక్కా పైన ఒక రెక్కా ఉండేవి తప్ప వేరేవి ముట్టడు. "ఒక్క వరస రెక్కలదాంట్ల ఏమున్నది? ఏ పిట్టకైనా ఉంటయి. రెండంతస్తులు కట్టాల్నంటే మనిషే కావాలె" అనేవాడు. ఇంతా చేసి, జన్మలో విమానం ఎక్కిన మనిషి కాదు. వరంగల్ వెళ్లాలంటే రైలు రిజర్వేషన్ కోసం మా ఆయన్ని పీక్కుతినేవాడు.

రంగు వేయడంలో మాత్రం వంక పెట్టడానికి ఉండేది కాదు. పెడదామని నేను చాలాసార్లే చూశాను. ముక్కలు చట్రంలోంచి కత్తిరించి, గరుకు కాగితంతో అంచులు రుద్ది, అతికించకముందే దేనికది రంగేసేవాడు. ఇంజను పక్కన నూనె కారిన మరక, పొగ పట్టిన నలుపు, ఎండకు వెలిసిన రెక్క, అన్నీ వేసేవాడు. ఎవరైనా ఇంకాస్త మెరుపు ఉంటే బాగుండేదంటే, "మెరుపెక్కువైతే విమానం గాదు, బతుకమ్మ అయితది" అని నోరు మూయించేవాడు. మా అమ్మ పోయాక నా వాటాకు వచ్చిన చీర మీది జాకెట్టు చిరిగిపోయింది. ఏ కొట్టుకు వెళ్లినా ఆ రంగు కలవలేదు. బావ నన్ను నానా మాటలూ అని, చీరను మిల్లుకు పట్టుకెళ్లి, అదే వంగపండు రంగు గుడ్డకు దింపి తెచ్చాడు. చీర కొన్ననాటి రంగు కాదు, అమ్మ కట్టి కట్టి వెలిసిన రంగు. దానికి మాత్రం ఆయనకు దండం పెట్టాల్సిందే. పెడుతున్నాను.

ఇక దారాల సంగతి. ఆ పాత విమానాల్లో పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య ఇంటూ గుర్తుల్లా తీగలు లాగి ఉంటాయి. కిట్‌లో వాటిని దారంతో మనమే వేయాలి. అవి లేని విమానం కనిపిస్తే, "మొలతాడు గూడ లేని పోరడు" అని మా బావ మొహం తిప్పుకునేవాడు. మొదటి విమానానికి తనే కట్టాడు. ఒకవైపు గట్టిగా లాగితే రెండోవైపు వదులైంది, అది బిగించబోతే పై రెక్కే ఊడి వచ్చింది. కిట్ చేసినవాళ్లను తిట్టాడు, జిగురును తిట్టాడు, ఫ్యాన్ వేసిందని మా అక్కను తిట్టాడు.

టెలిఫోన్ ఆఫీసులో వారమంతా పనిచేసి వచ్చే మా అక్క, ఆ ఆదివారం ఆయన కూరగాయలకు వెళ్లొచ్చేలోపు రెక్క మళ్లీ అతికించి, చీరల మీద పూసలు కుట్టే సన్నటి నైలాన్ దారంతో అన్నీ లాగేసింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చుట్టూ తిప్పి చూసి, "పర్వాలే" అన్నాడు. అంతే, అప్పటి నుంచి ఆ ఇంట్లో ప్రతి విమానానికీ దారాలు అక్కవే. "తొందరపడ్డోని చేతికి జిగురు, ఓపికున్నోని చేతికి విమానం" అని ఊరందరికీ నీతులు చెప్పేవాడు. ఆ ఓపిక ఎవరిదో నాకు తెలుసు.

తాపీ నది పొంగి అడాజన్ మునిగిన ఏడు వాళ్లది కింది ఫ్లాటే. నీళ్లు మెట్లెక్కుతుంటే ఇంటాయన ఏం మోయాలి? బియ్యం, పరుపులు, గ్యాస్ బండ. మా బావ విమానాలను ఒక్కొక్కటే పళ్లెంలో పెట్టుకుని, పెళ్లికూతురిని నడిపించినట్టు మెల్లగా పై అంతస్తుకు చేర్చాడు. అక్క సర్టిఫికెట్లూ పెళ్లి చీరలూ బురదలో కలిశాయి. "అవి మళ్ల దొరుకుతయి తియ్యి" అన్నాడట. పెళ్లి చీరలు మళ్లీ ఎక్కడ దొరుకుతాయో ఆయనకే తెలియాలి. విమానాలకు మాత్రం ఒక్క దారం తెగలేదు.

ఆ తర్వాత ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ల క్లబ్బు ఒకటి అఠ్వాలైన్స్‌లో ఎగ్జిబిషన్ పెట్టింది. బావ విమానానికి మొదటి బహుమతి వచ్చింది. క్లబ్బు పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, తీగలు ఇంత బిగువుగా ఎలా వచ్చాయని హిందీలో అడిగాడు. మా బావ తన రెండు చేతులూ చాపి, "హాథ్ కీ సఫాయీ, సాబ్" అని, అంతా తన చేతి పనితనమేనన్నట్టు నవ్వాడు. మా అక్క పక్కనే టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వెందుకు నోరు తెరవలేదక్కా?" అని ఆటోలో అడిగాను. బావ ముందు డ్రైవరు పక్కన షీల్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"చెప్తే ఏమొస్తది చెల్లె? ఆయనకు రంగులొక్కటే వచ్చు. ఇవి నావి అన్ననంటే, ఇగ జన్మల నన్ను ముట్టనియ్యడు. దారాలు లాగుతుంటే నాకు మంచిగనిపిస్తది" అంది.

బహుమతి కాదు, ఆ పని పోతుందని ఆమె భయం. అది తెలిశాక బావ మీద నా కోపం ఇంకా పెరిగిందే కానీ తగ్గలేదు.

నిన్న బేస్ణు జరిగింది. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం అందరూ తెల్లబట్టల్లో వచ్చి, దండ వేసిన ఫోటో ముందు కాసేపు కూర్చుని వెళతారు. క్లబ్బు పెద్దాయన కూడా వచ్చాడు. కిటికీ దగ్గర బల్ల మీద చివరి విమానం ఉంది. రంగులన్నీ అయ్యాయి, పై రెక్క ఎక్కింది, దారాలు మాత్రం లేవు. పెద్దాయన దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నాడు. కళాకారుడి చేతిలో ఆగిపోయిన పనట. ఎవరూ ముట్టకూడదట. అలాగే అద్దాల పెట్టెలో పెట్టి క్లబ్బులో ఉంచుతారట. గదిలో అందరూ తలలూపారు. బావ బతికుండగా 'ఖిలౌనే వాలా', బొమ్మలవాడు అని నవ్విన సొసైటీ చైర్మన్ అందరికంటే ఎక్కువ ఊపాడు.

పెద్దాయన విమానం ఎత్తబోతుంటే అక్క లేచింది.

"రుకియే, భాయీసాబ్. ఉన్‌కా కామ్ పూరా హో గయా. బాకీ మేరా హై."

ఆయన పని పూర్తయిందని, మిగిలింది తనదని. పెద్దాయనకు అర్థం కాలేదు. "ఆప్‌కా?" అన్నాడు. చెబుదామని నేను నోరు తెరిచాను. అక్క నావైపు చూసి వద్దన్నట్టు తలాడించింది. కుర్చీ లాక్కుని, అందరి ముందూ బల్ల దగ్గర కూర్చుంది. నైలాన్ దారం తీసి కింది రెక్క రంధ్రంలోంచి పైకి, పై రెక్కలోంచి కిందికి దూర్చడం మొదలుపెట్టింది. చాయ్ కప్పులు చేతుల్లోనే ఉండిపోయాయి. చివరి దారం కూడా వేశాక ఆమె అగరొత్తి వెలిగించింది. ఫోటో కోసమనుకుని చైర్మన్ దీపం పక్కకు జరిపి చోటు చేశాడు. అక్క అటు వెళ్లలేదు. నైలాన్ దారానికి సెగ తగిలితే బిగుసుకుంటుంది. అగరొత్తిని రెక్కల మధ్యకు పోనిచ్చి, తగలకుండా, ఒక్కో దారం పక్కనే మెల్లగా నడిపించింది. వదులుగా వేలాడుతున్న దారాలు ఒకటొకటిగా తిన్నగా లేచాయి. పెద్దాయన జేబులోంచి భూతద్దం తీసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

ఫోటో ముందు నిన్న అగరొత్తి వెలగలేదు. పొగంతా రెండు రెక్కల మధ్య నుంచే పోయింది.