వీరగల్లును జరిపిన చోటు

మా ఊరు డెంకణికోట దగ్గర, అడవి అంచున ఉంది. ఊరికి పడమట గోమాళం ఉండేది, అందరి పశువులూ మేసే బీడు. దాని నడుమ మోకాలెత్తు వీరగల్లు, చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి. మందను కాపాడబోయి ప్రాణం వదిలిన మా వంశపు మనిషి ఆ చోట ఉన్నాడని నమ్మకం. ఇంట్లో ఆవు ఈనితే మొదటి జున్నుపాలు అతనికి పోశాకే మేము నోట పెట్టుకోవాలి. ఆ పని మా అవ్వది, అంటే నాయన తల్లిది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక అధికారి వచ్చి మీటింగు పెట్టాడు. వాహనాల పొగతో భూమి వేడెక్కుతోందట. పొగ తగ్గిస్తామని దేశదేశాల ప్రభుత్వాలు ఒకదానికొకటి మాట ఇచ్చుకున్నాయట. చెట్లు ఆ పొగను తాగేస్తాయట, అందుకని మా గోమాళంలో నీలగిరి చెట్లు నాటాలట. ఆ నెలల్లోనే కృష్ణగిరి నుంచి హోసూరు దాకా రోడ్డు వెడల్పు చేయడానికి పాత చింతచెట్లను కొట్టేస్తున్నారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అవ్వ లేచి నిలబడింది. "మాట ఇచ్చింది వాళ్లు గదప్పా, మా ఆవులెందుకు పస్తుండాల?"

అధికారి టీ తాగి వెళ్లిపోయాడు.

గుంతలు తీసేటప్పుడు వీరగల్లు వరసకు అడ్డొచ్చింది. నాయనా, ఊరి పెద్దలూ కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, రాయిని మర్యాదగా పెకలించి కంచె పక్కన నిలబెట్టారు. రాయి ఎక్కడుంటే వీరుడూ అక్కడే ఉంటాడనుకున్నారు. అవ్వ ఒప్పుకోలేదు.

"రాయి వచ్చింది. వాడు రాలేదు" అంది.

కొన్నేళ్లకు నీలగిరి చెట్లు మిద్దెల ఎత్తు దాటాయి. లోపల గడ్డి లేదు, పిట్ట కూత లేదు. ఎటు చూసినా ఒకే లావు చెట్లు, ఒకే ఎడం. పట్టపగలు కూడా అందులోకి పోవాలంటే నాకు భయం.

ఒక ఉదయం ఆవు ఈనింది. అవ్వ చెంబులో జున్నుపాలు పట్టుకుని పోయింది. మధ్యాహ్నమైనా తిరిగి రాలేదు. నాయనా నేనూ కంచె పక్క రాయి దగ్గరికి పరుగెత్తాం. రాయి పొడిగా ఉంది.

నాయన చెట్లలోకి దిగి "అమ్మా!" అని పిలిచాడు. "ఆఁ" అని పలికింది, దగ్గరినుంచే. అటు పోతే లేదు. మళ్లీ పలికింది, ఈసారి మా వెనకనుంచి. మేము ఆగితే మా కాళ్ల కింద ఎండుటాకుల చప్పుడు ఆగింది, కానీ పక్క వరసలో ఇంకెవరో రెండడుగులు వేసి ఆగినట్టు వినిపించింది. నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ బయల్లో కళ్లు మూసుకుని తిరగగల మనిషి అక్కడే తప్పిపోయిందంటే నాకు ఏడుపు ఆగలేదు.

పొద్దు వాలుతుండగా ఒక చెట్టు మొదట్లో కూర్చుని కనిపించింది. చెంబు ఖాళీ. చుట్టూ ఒక్కో చెట్టు మొదట్లో కొంచెం కొంచెం పాల మరక.

"రామ్మా, ఇంటికి పోదాం. దారి తప్పినావు" అన్నాడు నాయన.

"నేను తప్పితే తప్పినాను లేప్పా" అంది అవ్వ, గొంతు బాగా తగ్గించి. "వాడు పొద్దున్నుంచీ నా వెనకాలే తిరగతా ఉండాడు. నా చోటు యాడ అని అడగతా ఉండాడు."

ఆ ఈతకు మా ఇంట్లో ఎవరమూ జున్ను ముట్టలేదు.