నల్లబల్ల మీద సాగర్ కాలువ

నిన్న క్లాసులో నేనెంత తప్పు చేశానో ఇవాళ పొద్దున తెలిసింది. గుంటూరు మిర్చి యార్డు ముందు బస్సు ఆగి, మిరప ఘాటు గొంతులోకి దిగినప్పుడు. ఐరోపా దేశాలు తమ అధికారాలను ఉమ్మడి సమాఖ్యకు ఇంకా అప్పగించాలా వద్దా అన్నది నిన్నటి పాఠం. అప్పగించాలనే చెబుతున్నాను. తుళ్లూరు నుంచి వచ్చే లావణ్య లేచింది. "రాజధానికని మా నాన్న ఇష్టపూర్వకంగానే పొలం ఇచ్చాడు సార్. ఇచ్చాక ఆ నేల గురించి మా మాట ఎవరూ వినట్లేదు. దేశాలకూ అంతేగా?" "అయితే జర్మనీ వాళ్లు కూడా పొలమిచ్చి, బదులుగా వచ్చే ప్లాటు కోసం ఎదురుచూస్తున్నారంటావా అమ్మా?" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంది. పాఠం బాగా సాగిందనుకుంటూ ఇంటికెళ్లాను కూడా.

ఈ ఘాటుకి దగ్గుతూనే పాఠం చెప్పిన మనిషి మా కామేశ్వరరావు మాస్టారు. యార్డు దగ్గర్లోని మా కాలేజీలో, నేనిప్పుడు పాఠం చెప్పే గదిలోనే నాకు రాజనీతి శాస్త్రం చెప్పారు. ఏ దేశమూ తన నిర్ణయాన్ని ఇంకొకరి చేతుల్లో పెట్టకూడదని ఆయన నమ్మకం. ఒకరోజు నేను లేచి, "మాది ప్రకాశం జిల్లాలో, సాగర్ కాలువ చివరి ఊరండి. పై ఊళ్లవాళ్లు ఇష్టమొచ్చినట్టు తూములెత్తి నీళ్లు పెట్టుకుంటే మాకు చుక్క రాదు. అందరి మీదా చెల్లే ఒక మాట ఉండాలండి" అన్నాను. "ఒరేయ్, ఐరోపా అంటే కాలువంటాడేంట్రా వీడు!" అని వెనక బెంచీ నవ్వింది. మాస్టారు నవ్వలేదు. దగ్గు తగ్గాక సుద్దముక్క నా చేతికిచ్చారు. "గియ్యరా. మీ ఊరెక్కడుందో నాకు తెలియాలి." నేను గీస్తుంటే ఆయన నా బెంచీలో కూర్చున్నారు. చివరికి, "నేనింకా ఒప్పుకోను. కానీ నీకు జవాబు చెప్పకుండా రేపు నా పాఠం ముందుకు పోదు" అన్నారు. ఆ మాట విన్నాకే నాకూ పాఠాలు చెప్పాలనిపించింది. అలాంటి మనిషి నిలబడ్డ చోట నిలబడి నేను చేసింది ఇది.

ఇవాళ లావణ్య చివరి బెంచీకి మారింది. "నిన్న నా దగ్గర జవాబు లేక నిన్ను చూసి అందరూ నవ్వేలా చేశాను. తప్పు నాది, క్షమించమ్మా" అని అందరి ముందూ చెప్పి సుద్దముక్క ఇవ్వబోయాను. "వద్దులెండి సార్" అంది. బలవంతపెట్టలేదు. మా కాలువ గీసి, మా ఊరు చూపించి, మాస్టారి సంగతి చెప్పాను.

"ఇప్పుడు నీళ్లొస్తున్నాయా సార్?" అంది అక్కణ్ణుంచే.

"కొన్నేళ్లు వస్తాయి, కొన్నేళ్లు రావు."

"మరి అందరి మీదా ఒక మాట ఉందిగా?"

"ఉంది. ఉన్నా మా ఊరిదాకా ఏటా చేరట్లేదు. నీకు జవాబు చెప్పకుండా నా పాఠమూ ముందుకు పోదమ్మా" అన్నాను. ఆమె లేచొచ్చి సుద్దముక్క అందుకుని, కాలువ పక్కనే వాళ్ల పొలం గీయసాగింది. నేను వెళ్లి, ఆమె లేచిన చోట కూర్చున్నాను.