తాబేళ్ల దారిలో నా కొత్త బూట్లు

మొన్న ఆదివారం పిల్లలకి పర్యావరణం నేర్పిద్దామని భావనపాడు తీసుకెళ్లానా, నేర్చుకొచ్చింది మాత్రం నేనే! ఇప్పుడు మీరు నవ్వుతారు గానీ, అప్పుడు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

నేను టెక్కలి దగ్గర హైస్కూల్లో బయాలజీ చెబుతాను కదా. భావనపాడు ఒడ్డున సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. కుక్కలు తవ్వి తినేయకుండా ఆ గుడ్లను ఏరి, చుట్టూ వల కట్టి, లోపల ఇసకలో పాతిపెడతారు. పిల్లలు బయటికొచ్చాక తెల్లారగట్ల సముద్రంలోకి వదులుతారు. అది చూపిద్దామని ఎనిమిదో తరగతి వాళ్లని వ్యానెక్కించాను. అంతకుముందు వారం రోజులూ ఒకటే పాఠం. తాకొద్దు, అరవొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు, తాబేళ్ల దారిలో ఏ వస్తువూ పడెయ్యొద్దు! నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేట్టు చేశాను. నేనేమో ట్రిప్పు కోసం నల్లటి కొత్త బూట్లు కొనుక్కున్నాను.

గుడ్లకి కాపలా ఉండే పోలయ్య మావ అప్పటికే తాబేలు పిల్లల్ని లెక్కపెట్టి గంపలో ఉంచాడు. అరవై రెండు. ఒక్కోటి నా అరచేతిలో సగం లేదు.

"సేత్తో నీట్లో ఇడిసెయ్యకూడదు మాస్టారూ. ఇసక మీద అయ్యే నడవాల. అలగ నడిస్తేనే, పెద్దయినాక గుడ్లెట్టడానికి ఈ ఒడ్డు గేపకం ఉంటాదంట" అన్నాడు.

దారికి అటూ ఇటూ తాడు కట్టి ఉంది. నీళ్ల దగ్గర పార్వతి అనే పిల్లనీ, ఇంకో ఇద్దర్నీ లెక్కపెట్టడానికి నిలబెట్టాను. ఆ తెలివి నాదే!

పోలయ్య మావ గంప వంచాడు. తెడ్డుల్లాంటి కాళ్లతో ఇసకని తోసుకుంటూ బయల్దేరాయి. ముప్పై మంది పిల్లలున్నారు, ఒక్క మాట లేదు. చిన్నప్పుడు మా అమ్మ శ్రీకూర్మం తీసుకెళ్లి, కూర్మనాథుడి ముందు చేతులు జోడించి నిలబెట్టేది. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? తాబేలు కనబడగానే నాకు తెలియకుండానే బూట్లు విప్పేసి, పక్కన పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టేశాను. పక్కన అంటే ఎక్కడనుకున్నారు? తాడు లోపల!

కళ్లు తెరిచి, ఆఖరిది నీళ్లలో కలిసేదాకా చూశాను. అప్పుడు పార్వతి గొంతు వినబడింది. "మాస్టారూ, అరవై ఒకటే వచ్చినాయి. ఒకటి తగ్గినాది."

"సరిగ్గా లెక్కపెట్టావా?"

"ముగ్గురం లెక్కెట్టినాం. మీరే కదా ముగ్గురు లెక్కెట్టమన్నారు!"

పోలయ్య మావ చెయ్యెత్తాడు. "ఎవులూ అడుగు తియ్యకండి! ఇసకలో ఎక్కడుందో ఏటో, తొక్కేస్తారు."

ఎక్కడి వాళ్లం అక్కడే ఆగిపోయాం. అవతల సూర్యుడు పైకొస్తున్నాడు. ఎండెక్కితే ఆ పసిది బతకదు. ఓ కాకి వచ్చి వల గుంజ మీద వాలింది. సరిగ్గా అప్పుడే నా ఎడమ కాలి కింద ఏదో గట్టిగా తగిలింది. అయిపోయింది, తొక్కేశాను అనుకున్నాను. కాలెత్తి చూసే ధైర్యం లేదు. చివరికి దేవుడా అని ఎత్తి చూస్తే, ఆల్చిప్ప!

"సముద్రంలోకి ఎల్లినాక ఎన్ని బతుకుతాయో మన సేతిలో నేదు మాస్టారూ. నీళ్ల దాకా మాత్రం మనదే పూచీ" అన్నాడు పోలయ్య మావ, ఇసక మీంచి కళ్లు తిప్పకుండా. నాకు తలెత్తుకోవాలనిపించలేదు. అంత పాఠం చెప్పి తీసుకొచ్చినవాణ్ణి, ఆ ఒక్కదాన్నీ పోగొట్టి పిల్లల్ని ఇంటికెలా తీసుకెళ్లను?

అప్పుడు పార్వతి మెల్లగా అంది. "మాస్టారూ, మీ బూటు కదుల్తన్నాది."

అందరూ అటు చూశారు. ఓ బూటు పక్కకి ఒరిగి ఉంది. దాని నోరు సరిగ్గా గంప వైపు! లోపల బరబరా గీకుతున్న చప్పుడు. పోలయ్య మావ వెళ్లి బూటుని నెమ్మదిగా వంచాడు. నల్లటి బుల్లి తాబేలు జారి ఇసకలో పడింది. ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత తల ఎత్తి, సముద్రం వైపు తిరిగి, తన పని తాను చూసుకుంటూ వెళ్లిపోయింది. అల వచ్చి దాన్ని తీసుకుపోయింది.

"అరవై రెండు" అంది పార్వతి. అరవొద్దని చెప్పాను కదా, పిల్లలు ముప్పై మందీ చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టారు. నాకు నిజంగానే ఏడుపొచ్చేసింది.

"దేవుడని దండమెట్టినారు, బాగానే ఉన్నాది" అన్నాడు పోలయ్య మావ, బూటు చేతికిస్తూ. "దేవుడి దారికడ్డంగా బూట్లిడుస్తారేటి మాస్టారూ?"

సోమవారం స్లిప్ టెస్టు పెట్టాను. తాబేలు పిల్లలకు ఆపద కలిగించే నాలుగింటిని రాయమన్నాను. పార్వతి రాసింది: కుక్కలు, కాకులు, ప్లాస్టిక్, బయాలజీ మాస్టారి బూటు.

ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కొట్టేయడానికి కారణం దొరకలేదు. నాలుగుకి నాలుగూ వేసేశాను.