మా షెడ్డులో విండోస్‌కు చోటు లేదు

గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. ఒక మూల పొయ్యి బొగ్గు, ఇంకో మూల నా కంప్యూటర్. పొద్దున ఎంత తుడిచినా మధ్యాహ్నానికి కీబోర్డు నల్లబడేది. రెండువేల దశకం మధ్యలో ప్రతి ఆదివారం ఆ షెడ్డులో నలుగురం కూర్చుని తెలుగు కోసం ఉచిత సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. అంత ఇష్టంగా ఆ తర్వాత నేను ఏ ఆఫీసులోనూ పని చేయలేదు.

మేం తయారుచేస్తున్నది తెలుగులో అక్షరదోషాలు పట్టే ప్రోగ్రాం. దానికి పెద్ద మాటల జాబితా కావాలి. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు అని గొప్పగా రాసుకున్నాం. షెడ్డుకు మాత్రం నేనో నియమం పెట్టాను: కంపెనీవాళ్లు అమ్మే విండోస్ వద్దు, అందరిదీ అయిన ఉచిత లినక్స్ తప్ప ఇంకేదీ ముట్టకూడదు. మా అమ్మ చాయ్ గ్లాసులు పెడుతూ, "ఏం దేవుడురా మీ లినక్సు? పక్క దేవుని పేరు గూడ ఎత్తనియ్యడు" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నాకసలే ముక్కు మీద కోపం, మొహం తిప్పుకునేవాణ్ణి.

నలుగురిలో ఒకతను చౌరస్తా దగ్గర డీటీపీ సెంటర్‌లో పెళ్లికార్డులు టైప్ చేసేవాడు. అక్కడి తెలుగు ఫాంట్లన్నీ విండోస్‌లోనే నడిచేవి. ఇంట్లోనూ అదే. నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అన్నా అనేవాడు. వాళ్ల బాపు బొగ్గు బాయిలో ఫిల్లర్, అంటే తట్టతో బొగ్గెత్తి టబ్బుల్లో నింపే మనిషి. రిటైరయ్యాక ఆయన ఊపిరితిత్తులు పాడై దవాఖానలో పడ్డాడు. ఇతను మంచం పక్కన కూర్చుని బాయి మాటలు ఒక్కొక్కటే అడిగి, మందుల చీటీల వెనక రాసుకుని, ఇంటికొచ్చి టైప్ చేసేవాడు. ఆ మాటలు ఏ నిఘంటువులోనూ లేవు. "మన జాబితాల బాపు మాటలు ఉండాలె అన్నా" అనేవాడు.

ఒకరోజు ఆ జాబితా మొత్తం నాకు మెయిల్‌లో వచ్చింది, విండోస్ కంపెనీవాళ్ల వర్డ్ ఫైలుగా. నేను తెరవలేదు. లినక్స్‌లోనూ అది తెరుచుకుంటుందని నాకు తెలుసు. అయినా పంతం. ఫైలు తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, ఒకటిన్నర పేజీల జవాబు రాశాను. స్వేచ్ఛ కోసం పనిచేసేవాడు బానిస ఫైళ్లు పంపకూడదని, మామూలు టెక్స్ట్‌లో పంపితేనే చూస్తానని. దాన్ని మిగతా ఇద్దరికీ కూడా పంపాను. రాసింది మళ్లీ చదువుకుని మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా.

ఆ పదిహేను రోజుల్లోనే వాళ్ల బాపు పోయాడు. మట్టికి వెళ్లాను. ఫైలు మాట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అతను షెడ్డుకు వచ్చాడు. చేతిలో తువ్వాలలో చుట్టిన హార్డ్ డిస్క్.

"డిస్కు కరాబైందన్నా. హైదరాబాద్‌ల గూడ చూపించిన, ఏం రాదన్నరు. చీటీలేమో బాపు బట్టలతోని పోయినయ్. మెయిల్‌ల జాగ లేదని పంపినయి గూడ తీసేసిన. ఫికర్ లేదు, నీకు పంపిన గదా. నీ దగ్గర ఉంటయ్."

తీసేశానని చెప్పాను.

"తెరిచి సూడలేదా?"

"లేదు తమ్మీ."

"ఒక్కసారి గూడ?"

తల అడ్డంగా ఊపాను. తిట్టినా బాగుండేది. అతను తువ్వాల మళ్లీ చుట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "బాయిల పక్కోడు ఏ ఊరోడని బాపు ఎన్నడు అడగలేదన్నా. వాని నెత్తి మీది దీపం ఎలుగుతుందా లేదా అని సూసేటోడు, గంతే" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం నేనే వాళ్లింటికి వెళ్లాను. అతను వేరే డిస్క్ వేసి మళ్లీ విండోసే పెట్టుకున్నాడు. దాని ముందే కూర్చున్నాను. షెడ్డు నియమం కొట్టేశాను. ఆ తర్వాత మందమర్రి నుంచి, రామకృష్ణాపూర్ నుంచి కొత్తవాళ్లు వచ్చారు, ఎవరి కంప్యూటర్లో ఏది ఉంటే దానితోనే. తెలంగాణ వచ్చేనాటికి మా ప్రోగ్రాం లినక్స్, విండోస్ రెండింటిలోనూ నడిచేది. ఇప్పటికీ ఎవరు ఏ ఫైలు పంపినా ముందు తెరుస్తాను, వాదన ఉంటే తర్వాత పెట్టుకుంటాను.

కానీ ఆ ఎండాకాలమంతా ఇద్దరం రిటైరైన కార్మికుల క్వార్టర్లు తిరిగి మాటలు మళ్లీ పోగుచేశాం. ముసలివాళ్లు ఒకే పనిముట్టుకు తలా ఒక పేరు చెప్పేవాళ్లు. చెప్పి, అతని వైపు తిరిగి, "దీన్ని మీ బాపు ఏమనేటోడు బిడ్డా?" అని అడిగేవాళ్లు.

"యాదికి లేదు కాకా" అనేవాడు అతను. నా వైపు ఒక్కసారి కూడా చూసేవాడు కాదు.