ఫిడేలు, నాయనమ్మ, సాంబ్రాణి

మా ఇంట్లోకి ఫిడేలు వచ్చిన రోజున నాయనమ్మ దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "వీణంటే సరస్వతీదేవి చేతిలో ఉంటుంది. ఇది ఏ దేవుడి చేతిలో ఉందిరా?" అని నాన్నను నిలదీసింది. నాన్న తెనాలిలో లెక్కల మాస్టారు. ఊళ్లో పిల్లలందరినీ గడగడలాడించే మనిషి, తల్లి ఆ మాట అడగ్గానే చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు.

అది అరవైల చివరి మాట. నేను ఆరో తరగతిలో ఉన్నాను. ఫిడేలు మాస్టారు ప్రతి ఆదివారం పొద్దుటి ప్యాసింజర్లో రేపల్లె నుంచి వచ్చేవారు. హరికథలకు పక్కన వాయించే మనిషి. మాట తక్కువ, కోపం ఎక్కువ. మొదటి రెండు నెలలూ నన్ను పాటన్నది వాయించనివ్వలేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తలను కుడిపాదం మీద ఆనించి, ఉత్త తీగల మీద కమానును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు లాగడమే పని. కాళ్లు తిమ్మిరెక్కేవి. వేళ్ల కొసల మీద తీగల గీతలు పడి, అన్నం కలుపుకుంటుంటే పచ్చడి కారం భగ్గుమనేది.

ఇక నేను పుట్టించిన చప్పుడు సంగతి చెప్పకపోవడమే మంచిది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, "మీ దూడను ఇంకా తల్లి దగ్గరికి వదల్లేదా వదినగారూ?" అని అమ్మను అడిగింది. నాయనమ్మ చెవుల్లో దూది పెట్టుకుని జపానికి కూర్చునేది. జపం ముగించి, దూది తీసి, ఒక క్షణం విని, "ఇంకా అవలేదుటే!" అని మళ్లీ పెట్టుకునేది.

నాకు మాత్రం ఆ ఫిడేలంటే ప్రాణం. ఎందుకో చెప్తాను. ఒక రోజు మాస్టారు, "వేలు సరైన చోట పడితే నువ్వు ముట్టుకోని తీగ కూడా పలుకుతుంది, చూడు" అన్నారు. నెలల తరబడి చూశాను. ఎక్కడా పలకలేదు. ఒక సాయంత్రం ఒక్కదాన్నే కూర్చుని స్వరాలు వాయిస్తుంటే, షడ్జం దగ్గర వేలు పడగానే పక్క తీగ సన్నగా వణికింది. దాన్ని నేను ముట్టుకోలేదు. దానంతటదే పలికింది. ఒళ్లంతా పులకరించి, వంటింట్లోకి పరిగెత్తి అమ్మకు చెబితే, "సరేలే, చారు పొంగుతోంది, పక్కకు జరుగు" అంది.

ఏడాది గడిచాక మాస్టారికి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. రైలెక్కడం కష్టమైంది. ఒక ఆదివారం పాఠం అయ్యాక నాన్నతో తేల్చి చెప్పేశారు. "ఇక నేను రాలేనండి. శ్రీరామనవమికి బాపట్లలో పందిట్లో హరికథ ఉంది. కథకు ముందు పిల్ల చేత ఒక వర్ణం వాయింపిస్తాను. చెయ్యి కుదిరిందనిపిస్తే ఆదివారాలు రేపల్లె తీసుకురండి. లేదంటే పిల్లనీ ఫిడేలునీ కష్టపెట్టొద్దు."

బాపట్లలో సరిగ్గా వాయించకపోతే నా ఫిడేలు అటకెక్కుతుంది. సరిగ్గా వాయించినా నన్ను రేపల్లె తీసుకెళ్లేదెవరు? నాన్నకు ఆదివారాలు ట్యూషన్లు. అమ్మకు చంకలో తమ్ముడు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ భయపడి ఎత్తలేదు.

నవమికి ముందురోజు నాయనమ్మ నాకు తలంటింది. మా ఇంట్లో తలంటు అంటే చిన్న విషయం కాదు. కుంకుడు రసం కళ్లలో పడి నేను ఏడవాలి, ఆవిడ తిట్టాలి, ఆ తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి వేసి, బుట్ట బోర్లించి, నా జుట్టు దాని మీద పరచాలి. నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. పొగ లేచింది. సాంబ్రాణి వాసన కాదది. ఘాటుగా, వార్నీషులా ఉంది. ఆ వాసన నాకెక్కడో తెలుసు. తెలిసిన మరుక్షణం కెవ్వున లేచి కూర్చున్నాను.

కమానుకుండేవి గుర్రపు వెంట్రుకలు. వాటికి రోజూ రోజిన్ రుద్దకపోతే అవి తీగ మీద జారిపోతాయే కాని పలికించవు. రోజిన్ అంటే గడ్డకట్టిన చెట్టు జిగురు. తేనె రంగులో, అంచులు విరిగి, అచ్చం సాంబ్రాణి ముక్కలాగే ఉంటుంది. నా ముక్క ఉండే గూట్లోనే నాయనమ్మ కుంకుడుకాయలూ సాంబ్రాణీ ఉండేవి. అది కాస్తా ఇప్పుడు నిప్పుల్లో బుసబుసమంటోంది, సగం నా జుట్టుకు పట్టేసింది.

నాన్న బడి నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. రోజిన్ దొరికేది బెజవాడలోనే. అక్కడికి వెళ్లేసరికి కొట్లు కట్టేస్తారు. "రేపు మాస్టారి ముక్క అడుగుదాంలే" అన్నారు నాన్న. నేను గొల్లుమన్నాను. తన వస్తువు తాను చూసుకోలేని వాళ్లకు పాఠం లేదని మాస్టారు మొదటి రోజే చెప్పారు. ఆయన అన్నంత పనీ చేస్తారు.

నాయనమ్మ కుంపటి దగ్గరే నిలబడి ఉంది. ఉన్నట్టుండి వచ్చి, నా జుట్టు పట్టుకుని మళ్లీ వాసన చూసింది.

"ఒరేయ్, ఈ వాసన నేనెరుగుదును. మన రేడియో బాగుచేశాడు చూడు, ఆ అబ్బాయి కడ్డీ కాల్చి అతికేటప్పుడు ఇదే వాసన."

బజారు మొహం చూడని నాయనమ్మ, మడిచీర మార్చుకుని, నా చెయ్యి పట్టుకుని రేడియో కొట్టుకు నడిచింది. ఆ అబ్బాయి బల్ల సొరుగులోంచి ఒక ముక్క తీసి, "ఇదేనా మామ్మగారూ? సీసం అతకడానికి వాడతామండి. దీంతో ఫిడేలు పలుకుద్దంటారా?" అన్నాడు.

"పలక్కపోతే రేపట్నుంచి దీన్ని తెచ్చి నీ కొట్లో కూర్చోబెడతా. నువ్వే విను" అంది నాయనమ్మ.

మర్నాడు బాపట్లలో పందిరి నిండా జనం, పానకం గ్లాసులు, విసనకర్రలు. మాస్టారు నా కమాను అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏంటమ్మా, రేడియో కొట్టు వాసనేస్తోంది?" అన్నారు. నేను నాయనమ్మ వైపు చూశాను.

"నేనే తగలేశానండి మాస్టారూ, సాంబ్రాణి అనుకుని. పిల్లదేం లేదు. అనేదేదో నన్ను అనండి" అని నాయనమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి.

మాస్టారూ నేనూ వర్ణం మొదలుపెట్టాం. ఇద్దరం కలిసి వాయిస్తున్నామన్న ధైర్యంతో నాలుగు వరసలు సాఫీగా నడిచాయి. అప్పుడు మాస్టారు ఉన్నట్టుండి తన కమాను ఎత్తేసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. పందిట్లో నా ఒక్కదాని ఫిడేలు. ఆ రేడియో ముక్క గరుకుకు శబ్దం కూడా గరగరలాడుతోంది. ఇక ఆపేద్దామనుకుంటూనే షడ్జం మీదికి వేలు జార్చాను. పక్క తీగ వణికింది. దాన్ని నమ్ముకుని చివరిదాకా పోయాను. ఆఖరి వరసలో మాస్టారు మళ్లీ కలిశారు.

"చెయ్యి కుదిరింది. ఆదివారం రేపల్లె తీసుకురండి" అన్నారు నాన్నతో. నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ తమ్ముడి వైపు చూసింది.

"నేను తీసుకొస్తా" అంది నాయనమ్మ.

"నీకా చప్పుడు పడదు కదమ్మా?" అన్నారు నాన్న.

"పడదు. అయితే?"

పడకుండానే ఏళ్ల తరబడి వచ్చింది. వడ్ల బస్తాల మధ్య కూర్చుని రేపల్లె దాకా ప్రయాణం. మాస్టారింటి అరుగు మీద, చెవుల్లో పెట్టుకుందామని తెచ్చుకున్న దూదితో దీపానికి ఒత్తులు చేసుకుంటూ కూర్చునేది. దూది చెవుల్లోకి వెళ్లడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. రోజిన్ ముక్కను మాత్రం నాకు వదిలేది కాదు. కొంగున ముడేసుకుని, పాఠం మొదలయ్యేటప్పుడు ఇచ్చి, అవగానే తీసుకునేది. ఇంట్లో తలంటు రోజున సాంబ్రాణి నా ముక్కు దగ్గర పెట్టి, "సరిగ్గా చూసి చెప్పవే, ఇది నీదా, దేవుడిదా?" అని అడిగి గాని నిప్పుల్లో వేసేది కాదు.

డెబ్బైల్లో నేను చీరలు కట్టడం మొదలుపెట్టిన ఏడు, ఒక ఆదివారం పొద్దున నాయనమ్మ మంచం మీంచి లేవలేకపోయింది. నన్ను పిలిచి, కొంగు ముడి విప్పి, ముక్క నా చేతిలో పెట్టింది. "ఇక నువ్వే కట్టుకో" అంది.

కట్టుకున్నాను. ఆ పూట ఒక్కదాన్నే రేపల్లె రైల్లో కిటికీ దగ్గర కూర్చున్నాను. గంపతో ఎక్కినావిడ నా పక్కన ఖాళీ చూసి, "కాస్త జరుగుతావా అమ్మా?" అంది.

"మా నాయనమ్మ వస్తుందండీ" అన్నాను.