భానుమూర్తి గారి సుద్దగీతలు

భానుమూర్తి గారు సుద్దముక్క లేకుండా మాట్లాడలేరు. కలకత్తాలో మా పైవాటాలో ఉంటూ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఏ సంగతైనా అడ్డంగా ఓ గీత, నిలువుగా ఓ గీత, మధ్య ఓ వంకర గీత గీస్తేగాని ఆయనకు తోచేది కాదు.

మొదటి రసగుల్లా ఇచ్చే ఆనందమెంత, నాలుగోది ఇచ్చేదెంత అని ఓసారి మిఠాయి కొట్టు బల్ల మీద గీశారు. గీత కిందికి జారడం చూసి నేను నాలుగోది మానేశాను.

"దాదా, రేపట్నుంచి ఎదుటి కొట్టుకి వెళ్లండి," అన్నాడు కొట్టువాడు.

కరెంటు పోయినప్పుడల్లా మెట్ల గోడ మీద చుక్క పెట్టేవారు. చీకట్లో ఒకసారి ఆ చుక్క నా వీపున పడింది. ఆఫీసుకి అలాగే వెళ్లాను.

చివరికి వంటింటి గోడా మిగల్లేదు.

"ఏమిటండీ ఈ గుట్టలు?" అంది ఆయన భార్య లలితాంబ.

"నీ కోపం. నేను ఆలస్యంగా వచ్చినప్పుడు పెరుగుతోంది."

"అయితే ఇవాళ్టికి గోడ చాలదు."

ఆ రోజుల్లో ఆయన రోజూ ఆలస్యమే. ఎక్కడికని అడిగితే, "టీకి" అనేవారు.

మా వీధి ఊడ్చే సన్యాసమ్మ భర్త బైరాగికి టైఫాయిడ్ వస్తే చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో మూట కట్టుకుని కూర్చుంది సన్యాసమ్మ. పక్కనే సుద్దముక్కతో మన భానుమూర్తి గారు.

"సాయంత్రమయితే ఒళ్లు కాలిపోతంది బాబూ. డాక్టరుబాబు తగ్గతందంటాడు, ఏటి తగ్గినాది? హౌరాలో బండెక్కించి ఊరట్టుకుపోతాను."

ఆ ఒంటితో రైలెక్కితే బైరాగి ఊరు చేరడు. ఆ మాట డాక్టరు చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. భానుమూర్తి గారు వాదించలేదు. జ్వరం చీటీ చూసి గోడ మీద గీశారు.

"ఇయ్యేటి, కొండలా?"

"కొండలే. ఒక్కో సాయంత్రం జ్వరం ఒక్కో కొండ."

ఆవిడ వేలితో తడుముకుంటూ పోయింది. "దీనికన్నా ఇది పొట్టి. ఇది ఇంకా పొట్టి." వేలు ఆగింది. "రేపటిదో?"

"రేపొచ్చి గీస్తాను."

సన్యాసమ్మ మూట విప్పింది. ఆయన మాత్రం బైరాగి లేచి తిరిగేదాకా రోజూ కొండ గీయడానికి వెళ్లారు.

బైరాగి ఇంటికొచ్చాక సన్యాసమ్మ పైవాటాకి వెళ్లి అంతా చెప్పేసింది. వంటింటి గోడ చూసి, "ఈ కొండలు ఎవులి జొరం అమ్మగారూ?" అని కూడా అడిగింది.

లలితాంబ భర్త చేతిలో సుద్దముక్క లాక్కుంది. "ఇందులో సున్నా ఎక్కడండీ?"

ఆయన చూపించారు. ఆవిడ దానికి కాస్త పైన చుక్క పెట్టింది.

"పూర్తిగా దించితే మీకు అలుసైపోతాను."